ఫ్లెక్సీ మీద మా నాన్న

మా నాన్న మిలిటరీలో పనిచేశాడు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు కుర్చీలో కొంచెం సర్దుకుని కూర్చుంటారు. అక్కడితో ఆపేస్తే పరువు దక్కుతుంది. మిలిటరీలో ఏం చేసేవాడని అడిగితేనే మా ఇంట్లో ఆయన తప్ప అందరం మాట మార్చేవాళ్ళం. ఆయన కంచరగాడిదల దగ్గర పనిచేశాడు. మంచు కొండల్లో రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి, పైన కాపలా ఉండేవాళ్ళ దాకా బియ్యం, కిరసనాయిలు, మందులు, తూటాలు అన్నీ వాటి వీపుల మీదే వెళ్ళాలి. వాటిని తోమడం, మేపడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయడం, బరువు కట్టి వాటి పక్కనే నడిచి వెళ్ళి రావడం ఆయన ఉద్యోగం. చేరిన నాటి నుంచి పింఛనుతో ఇంటికొచ్చే దాకా అదే పని.

మా ఊరు గురజాల పక్కన. అక్కడ గాడిద అనేది జంతువు కాదు, తిట్టు. లెక్క తప్పిన పిల్లవాడు గాడిద, అప్పగించిన పని మర్చిపోయిన పాలేరు గాడిద. పైగా మాది పౌరుషం గురించి తెల్లారి లేస్తే మాట్లాడుకునే నేల. అలాంటి చోట ఒక మనిషి పెట్టె, పరుపు మోసుకుని మిలిటరీ నుంచి దిగితే జనం ఏం అడుగుతారు? ఎంతమందిని లేపేశావు మామా అని అడుగుతారు.

"నేనేడ లేపుతాన్రా. గాడిదలకి దాణా పెట్టేవోణ్ణి," అనేవాడు మా నాన్న, ఏమాత్రం తడబడకుండా.

అరుగు మీద ఒకటే నవ్వులు. ఆయన కూడా నవ్వేవాడు. ఎక్కడ సిగ్గుపడాలో ఆ మనిషికి తెలియదు. ఆయన వాటా సిగ్గు కూడా మేమే పడ్డాం, నేనూ మా అన్నయ్యా మా అమ్మా.

దానికి విరుగుడు మా అమ్మ కనిపెట్టింది. బోరింగు దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళతో గొంతు తగ్గించి, "ఆయన ఉండేది ఫిరంగుల కాడ. బయటికి చెప్పకూడదంట, గవర్నమెంటు వాళ్ళు ఒప్పుకోరంట. అందుకని అట్టా గాడిదలు గీడిదలు అంటా ఉంటాడు," అంది. అంతే. ఆ రోజు నుంచి మా నాన్న నిజం చెప్పిన కొద్దీ గొప్పవాడైపోయాడు. గిట్టల్లో రాళ్ళు తీసేవోణ్ణి అని ఆయన అంటే, చూశావా ఎంత లోతు మనిషో అని జనం తలలూపేవారు. స్కూల్లో నేనూ ఫిరంగులే చెప్పాను. ఒక మాస్టారు క్లాసంతటి చేతా నాకు చప్పట్లు కొట్టించాడు.

ఈ సంగతి ఆయన చెవిన పడ్డ రోజు నాకు గుర్తుంది. అన్నం తింటున్నాడు. చెయ్యి ఆపి మా అమ్మ వంక చూశాడు. ఆమె గిన్నెలు సర్దుకుంటూ తల తిప్పుకుంది. "నీకు అట్టా ఉంటే బాగుంటే అట్టానే ఉండనీలే," అన్నాడు. మజ్జిగ పోసుకుని లేచాడు. ఆ తర్వాత ఎవరేం అడిగినా నవ్వి ఊరుకునేవాడు. తన బతుకులో సగాన్ని పెళ్ళాం మాట కోసం అలా మింగేశాడు. అప్పుడు మాకు హమ్మయ్య అనిపించింది.

ఇంటి కప్పు కింద ఆయనకి ఊపిరాడేది కాదు. వాన పడితే తప్ప లోపల పడుకునేవాడు కాదు. పొద్దున్నే లేచి, మాచర్ల వైపు కనిపించే గుట్టల మీదికి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు. వస్తూ వస్తూ కండువాలో సీతాఫలాలో, రేగుపళ్ళో, ఏమీ దొరకకపోతే నునుపుగా ఉన్న రాయో తెచ్చేవాడు. సాయంత్రం సాగర్ కాలువ గట్టు. గాలం, ఎర్రల డబ్బా, తలకి తువ్వాలు. ఎండాకాలం కాలువ కట్టేశాక అడుగున అక్కడక్కడా మడుగులు మిగులుతాయి, వాటిలో కొరమీనులు చిక్కుతాయి. మోకాళ్ళ దాకా బురదలో దిగి పట్టుకొచ్చి, వాకిట్లో బూడిద రాసి తోమి, తనే ముక్కలు కోసేవాడు. పెద్ద ముక్క అమ్మకి, తలకాయ ఆయనకి. మా అన్నయ్యకి ఆ బురద కాళ్ళు చూస్తే ఒళ్ళు మండేది. మిలిటరీ మనిషి ఇట్టాగేనా ఉండేది అని గొణిగేవాడు.

నా జడ కూడా ఆయనే వేసేవాడు. మా అమ్మ దువ్వితే పైనుంచి ఒక్కసారిగా లాగేది, ప్రాణం పోయేది. ఆయన కొసల దగ్గర మొదలుపెట్టి చిక్కు విడదీసుకుంటూ నెమ్మదిగా పైకి వచ్చేవాడు. రెండో చెయ్యి నా మెడ మీద ఆనించి, "ఆగు పిల్లా, అయిపోయింది, అయిపోయింది," అనేవాడు. ఒకసారి కాలువ గట్టు మీద ఎవరిదో గేదె లారీ హారనుకి బెదిరిపోయింది. మా నాన్న పోయి దాని మెడ మీద చెయ్యి వేసి, అదే గొంతుతో, అదే మాట అన్నాడు. ఆయనకి ఆ మాట ఎక్కడ అలవాటైందో నాకు అప్పుడు అర్థమైంది. మర్నాటి నుంచి నా జడ నేనే వేసుకున్నాను. దువ్వెన పట్టుకుని వచ్చినాయన, "పెద్దదానివయ్యావులే," అని దాన్ని మేకుకి తగిలించాడు.

అమ్మకి పక్షవాతం వచ్చాక ఆమెకి అన్నీ ఆయనే. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, తలకి నూనె రాయడం. కోడలు చేస్తానన్నా చేయనిచ్చేవాడు కాదు. సాయంత్రం చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి కాలువ గట్టు దాకా తోసుకెళ్ళేవాడు. ఆమె గట్టు మీద, ఆయన నీళ్ళ పక్కన. చేప పడితే పైకెత్తి చూపించేవాడు, ఆమె ఒక పక్క మూతితో నవ్వేది. ఆమె పోయిన తర్వాత కూడా కొన్నాళ్ళు ఆ కుర్చీ ఖాళీగా తోసుకెళ్ళాడు. ఎర్రల డబ్బా అందులో పెట్టుకునేవాడు. మా అన్నయ్య చూడలేక దాన్ని ఎవరికో ఇచ్చేశాడు.

ఆయన ఆఖరి రోజులు నరసరావుపేటలో మా ఇంట్లో గడిచాయి. నేను అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఊపిరితిత్తులు పాడైపోయాయి, మాట్లాడితే ఆయాసం. మంచం ఎక్కడ వెయ్యను నాన్నా అంటే వరండాలో అన్నాడు. ఒక మధ్యాహ్నం నేను పేపర్లు దిద్దుకుంటుంటే పిలిచాడు.

మా చర్చివాళ్ళలో మనిషి పోయిన కొన్నాళ్ళకి ఆదరణ కూడిక అని పెడతారు. పాటలు, ప్రార్థన అయ్యాక అయినవాళ్ళు మైకు దగ్గరికి వచ్చి పోయిన మనిషి గురించి సాక్ష్యం చెబుతారు. తర్వాత భోజనాలు.

"నా కూడికలో నువ్వు సాక్ష్యం చెప్తావు గదా," అన్నాడు మా నాన్న.

"ఇప్పుడెందుకు నాన్నా ఆ మాటలు?"

"చెప్తావు గదా. నా గొప్పలు ఏం చెప్పబాక. ఆ జీవం సంగతి చెప్పు. ముప్పాళ్ళాయన సంగతి చెప్పు. మీ అమ్మ లేదు గదా, ఇక చెప్పొచ్చు."

ఆ సంగతి నాకు కంఠతా వచ్చు. నా చిన్నప్పుడు కాలువ గట్టు మీద, చుట్టూ ఎవరూ లేనప్పుడు చెప్పేవాడు. మా అన్నయ్య ఒడిలో బిడ్డగా ఉన్న రోజులు. పైన కొండ మీద మా నాన్నకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మంచు కురుస్తోంది, హెలికాప్టరు రాదు. ఆయన మేపే కంచరగాడిద ఒకటుంది, ఆయన దాన్నీ పిల్లా అనే పిలిచేవాడు. దాని వీపు మీద మా నాన్నని పడుకోబెట్టి తాళ్ళతో కట్టారు. ముప్పాళ్ళ ఆయన, ఈయనతో పాటు అదే పని చేసే మనిషి, పగ్గం పట్టుకుని పొద్దంతా కిందికి నడిపించుకొచ్చాడు. కళ్ళు మూస్తే మళ్ళీ తెరవడని దారి పొడుగునా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడట. వాళ్ళమ్మ పండుమిరపకాయల పచ్చడి ఎలా నూరుతుందో, చింతపండు ఎంత, ఉప్పు ఎంత, అదే మళ్ళీ మళ్ళీ. మా నాన్న బతికాడు. ఆయన ఆస్పత్రి మంచం మీద ఉండగానే, ఆ జంతువు మరో బరువుతో పైకి వెళుతూ కాలుజారి లోయలో పడిపోయింది. దాని మెడ మీద ఆఖరిసారి చెయ్యి వెయ్యలేదని ముసలితనంలో కూడా అనుకునేవాడు. ఆ తర్వాత సెలవు మీద ఇంటికొచ్చాడు. ఆ తర్వాత నేను పుట్టాను.

"ఆ ఇద్దరూ లేకపోతే నువ్వు లేవు," అన్నాడు ఆ రోజు వరండాలో. "నేను అందరికీ చెప్పాలనుకున్నా. కుదరలా. నువ్వు చెప్పు."

"సరే నాన్నా, చెప్తా."

"మాట?"

"మాట."

ఆయన పోయాక ముప్పాళ్ళకి ఫోన్ చేసింది నేనే, మా నాన్న చిన్న ఫోన్లోంచి. ఆయన్ని నేను అప్పటిదాకా చూడలేదు. ఏడాదికోసారి మా నాన్నే ముప్పాళ్ళ వెళ్ళి కలిసి వచ్చేవాడు. ఆయన్ని మా ఊరికి పిలుద్దామంటే మా అమ్మ ఎప్పుడూ ఏదో ఒక వంక చెప్పేది. పిలిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఫోన్లో ఆయనకి సరిగా వినపడలేదు, గట్టిగా చెప్పు తల్లీ అన్నాడు. ఆదివారం, మా ఊళ్ళో చర్చి దగ్గర అని అరిచి చెప్పాను. వస్తా, రాకుండా ఎట్టుంటా అన్నాడు.

ఈలోగా మా అన్నయ్య ఫ్లెక్సీ వేయించాడు. వాడికి ఊళ్ళో పురుగుమందుల షాపుంది, పదిమందిలో పేరుంది. ముందు వాట్సాప్‌లో నాకు పంపాడు, బాగుందా అని. చూశాను. ఆకుపచ్చ మచ్చల డ్రెస్సులో ఎవరిదో కండలు తిరిగిన ఒళ్ళు, దాని మీద మా నాన్న తల. చేతిలో తుపాకి, గుండె మీద వరసగా పతకాలు, వెనక ట్యాంకు, పైన విమానాలు. జన్మలో మీసం పెంచని మనిషికి కోర మీసం. రంగు కూడా తెల్లబరిచారు. కింద వీరజవాను అని, చర్చిలో పెట్టిన పేరు. మా నాన్నకి రెండు పేర్లు, చర్చిలో ఒకటి, బడి రికార్డులో ఒకటి. మిలిటరీకి రికార్డు పేరే తెలుసు.

ఒరేయ్ ఈయనెవర్రా అని ఫోన్ చేసి తిట్టాల్సింది నేను. నాకు నోరు లేకపోలేదు, స్కూల్లో హెడ్మాస్టరుతో కూడా గొడవ పెట్టుకునే దాన్ని. తిట్టలేదు. ఎందుకంటే నాకు అది బాగుంది. ఎవరికైనా చూపించుకోవచ్చు అనిపించింది. బొటనవేలు బొమ్మ నొక్కి పంపాను.

కూడిక రోజు చర్చి ముందు షామియానా వేశారు. బస్సు దిగే మలుపులోనే ఫ్లెక్సీ, ఇంటి గోడంత. అలాంటిదే ఇంకోటి షామియానాలో, మైకు వెనక. ముందు వరసలో మా అన్నయ్యకి కాబోయే వియ్యాలవారు, వాడి కూతుర్ని చేసుకోబోయేవాళ్ళు. వాళ్ళ పక్కన మెడలో కండువాతో ఒక నాయకుడు. నన్ను సాక్ష్యానికి పిలవబోయే ముందు మా అన్నయ్య పక్కకి లాక్కెళ్ళాడు.

"ఏమే, ఆ గాడిదల గోల ఎత్తబాక. వాళ్ళున్నారు."

"నాన్నకి మాటిచ్చా."

"నాన్న వింటాడా ఇప్పుడు?" అన్నాడు. అనగానే వాడికే ఏడుపొచ్చి, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పాస్టరుగారు నా చేతికి మైకు ఇచ్చారు. చెప్పే మాటలన్నీ దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. మా నాన్న కంచరగాడిదల దగ్గర పనిచేశాడు అని మొదలుపెట్టాలి, ఆ మొదటి మాట గడిస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. ముందు వరసలో వియ్యపురాలు పట్టుచీర చెంగు సవరించుకుని నా వంక చూసింది. ఆ గాడిద అనే మాట నా నోట్లోంచి రాలేదు. "మా నాన్న దేశం కోసం తుపాకి పట్టిన మనిషి," అన్నాను.

ఇక ఆగలేదు. సరిహద్దు అన్నాను, శత్రువు అన్నాను, ఫిరంగులు అన్నాను. మా అమ్మ బోరింగు దగ్గర తగ్గించి చెప్పిన అబద్ధాన్ని నేను మైకులో చెప్పాను. కాకపోతే ప్రేమ మాత్రం నిజమే కాబట్టి కన్నీళ్ళు కారాయి. అందరూ ఏడ్చారు. వెనక వరసలో కోతిటోపీ పెట్టుకుని, ఒళ్ళో సంచీతో కూర్చున్న ఒక ముసలాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు. నాయకుడు లేచి ఫ్లెక్సీకి సెల్యూట్ కొట్టాడు. నాకు గర్వంగా అనిపించింది. దాచడం ఎందుకు, అనిపించిన మాట నిజం.

భోజనాల దగ్గర కూడా, ముప్పాళ్ళ నుంచి వచ్చానని ఎవరైనా పలకరిస్తారేమోనని చూశాను. ఎవరూ పలకరించలేదు. రాలేదేమో, వయసు మళ్ళిన మనిషి అనుకుని, ఒక రకంగా నెమ్మదించాను. విస్తరి ముందు కూర్చుని మొదటి ముద్ద కలుపుతున్నాను. బస్టాపు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్న పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. మా నాన్న నా దగ్గరికి వచ్చేశాకే ఆమె మా ఊరొచ్చింది, ఆయన్ని ఎరగదు.

"ఊళ్ళో ఇంకెవరన్నా పోయారామ్మే?" అంది.

"లేదే, ఏంది పిన్నీ?"

"ఒక ముసలాయన అడిగాడు. ఇక్కడ ఇంకో మిలిటరీ ఆయన పోయాడంట, కంచరగాడిదల దగ్గర చేసినాయన, కాలవలో చేపలు పట్టుకుంటా ఉంటాడు, ఆయన కూడిక ఎక్కడ అని. ఏందో పేరు కూడా చెప్పాడు. అట్టాటోళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు పెద్దాయనా, ఈయన తుపాకులాయన అన్నా. రెండు వీధులు తిరిగొచ్చి బస్సెక్కాడు. పోనీ అన్నం తిని పో అంటే తినలా. వేరేవాళ్ళ కూడికలో ఎట్టా తింటానమ్మా అన్నాడు."

 కోతిటోపీ ముసలాయన. నేను మాట్లాడుతుంటే కళ్ళు తుడుచుకున్నాయన. మా నాన్నని కొండ మీద నుంచి బతికించి దించిన మనిషి, మా నాన్న కూడికలోనే కూర్చుని మా నాన్నని కనుక్కోలేకపోయాడు. కనుక్కోవడానికి మేం ఏం మిగిల్చామని. పేరు అది కాదు, ఒళ్ళు అది కాదు, మీసం పెట్టి తెల్లబరిచిన ఆ మొహమూ అది కాదు, కూతురు చెప్పిన మాటల్లో ఒక్కటీ ఆయనకి తెలిసింది కాదు.

అన్నయ్యకి చెప్పాను. వాడు నన్ను కసిరిపారేస్తాడనుకున్నాను. కసరలేదు. పోయి మలుపు దగ్గర ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. పీకేస్తాడనుకున్నాను, పీకలేదు. వియ్యాలవారి కారు ఆ దారినే వెళ్ళాలి.

ఫోన్లో అరిచి చెప్పే సంగతి కాదు కాబట్టి, తర్వాతి శనివారం సత్తెనపల్లిలో బస్సు మారి ముప్పాళ్ళ వెళ్ళాను. వాకిట్లో పట్టాల మీద ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆయన వరండాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండో కంటికి పొర. ఎవరమ్మా అన్నాడు. మా నాన్న రికార్డు పేరు చెప్పి, ఆయన కూతుర్ని అన్నాను.

మంచం మీద నుంచి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కోడల్ని కేకేసి మజ్జిగ తెమ్మన్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నేను వచ్చా తల్లీ. రాలేదనుకుంటావేమో, వచ్చా. మీరు కూడిక ఏడ పెట్టారో దొరకలా. ఎవరో తుపాకులాయన కూడిక జరుగుతా ఉంటే అదేననుకుని కూచున్నా. కాదు. లేచి పోదామనుకున్నా గానీ, ఒకమ్మాయి మాట్లాడతా ఉంది. వాళ్ళ నాన్న గురించి. నాకు సగమే వినపడింది గానీ, ఆ పిల్ల ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చింది. ఎంత బాగా చెప్పిందో. మనోడికి కూడా ఇట్టా చెప్పేవాళ్ళుంటే బాగుండునే అనుకున్నా."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "అది నేనే బాబాయ్," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఆ కూడిక మా నాన్నదేనని, ఆ బొమ్మలో ఉన్నది మా నాన్నేనని, ఆ మాట్లాడింది నేనేనని, ఒక్కొక్కటే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆయన చెవికి అందేలా అరుస్తుంటే, మిరపకాయలు తిరగేస్తున్న కోడలు కూడా ఆగి విన్నది. అమ్మ సంగతి, బోరింగు సంగతి, ముందు వరస సంగతి కూడా చెప్పాను. చెబుతున్న కొద్దీ అవి కారణాల్లా వినపడటం మానేశాయి. మధ్యలోనే ఆపేశాను.

తిట్టినా బాగుండేది. ఆయన పైపంచతో కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. 

"అయితే అది ఆ తుపాకులాయనకి పెట్టారు," అన్నాడు నెమ్మదిగా. "మరి మావోడికి కూడిక ఎప్పుడు పెడతారు తల్లీ?"

ఎగతాళికి అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు. రోజు చెబితే దాన్నిబట్టి బస్సు చూసుకోవాలన్నట్టు, ఆ ఒక్క కన్నుతో నా వంకే చూస్తూ కూర్చున్నాడు.